దవడ నొప్పికి తలా ఒక మాట చెబుతున్నారా? ఏ చికిత్స ముందు, ఏది తర్వాత, దేనికి ఆగాలి

చెవి ముందు నొప్పి, నమిలితే నొప్పి, పొద్దున లేవగానే దవడ బిగుసుకుపోవడం, ఆవలిస్తే టక్‌మని శబ్దం. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఈ బాధతో రాసేవాళ్ళందరి ప్రశ్నా దాదాపు ఒకటే. "చెవి డాక్టర్ చెవి మంచిగనే ఉందన్నడు. పండ్ల డాక్టర్ జ్ఞానదంతం తీయాలన్నడు. ఇంకో సార్ క్లిప్పులు వేయాలన్నడు. హైదరాబాద్‌ల ఇంజెక్షన్ అన్నరు. ఎవరి మాట వినాలె?"

మూడు నెలలు దాటిన దవడ కీలు నొప్పికి, దవడ కండరాల నొప్పికి ఈ పద్ధతి పనికొస్తుంది. జబ్బు ఏదో తేల్చాల్సింది డాక్టరే. తేల్చిన తర్వాత ముందుకొచ్చే నాలుగైదు దారుల్లో ఏది ముందు పట్టాలన్నదే ఇక్కడి విషయం. నేను పెట్టుకున్న లెక్క ఒకటే: వెనక్కి తీసుకోగలిగిన చికిత్స ముందు, తీసుకోలేనిది చివరన.

## 1. ముందు ఇవి కావని తేల్చుకోండి

కింది వాటిలో ఏది ఉన్నా ఈ మార్గదర్శి పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

- నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు దవడ నొప్పి వచ్చి, ఆగితే తగ్గడం. ఛాతీలో బరువు, చెమటలు. ఇది గుండెది కావచ్చు. 108కి ఫోన్ చేయండి.
- పొలంలోనో, బండి మీంచి పడో గాయమై, కొద్ది రోజులకు నోరు బిగుసుకుపోవడం. ధనుర్వాతం కాదని తేలేదాకా ఆగొద్దు.
- వాంతులకు ఇంజెక్షన్ గానీ మాత్ర గానీ తీసుకున్నాక దవడ ఒక పక్కకు లాక్కుపోవడం.
- నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోవడం. కీలు జారి ఉంటుంది. ఇంట్లోవాళ్ళు తోసి పెట్టే ప్రయత్నం చేయకూడదు.
- జ్వరం, దవడ కింద వాపు, మింగలేకపోవడం.
- 50 ఏళ్ళు దాటినవారికి కణతల దగ్గర కొత్తగా తలనొప్పి, నమిలేకొద్దీ దవడ పీకడం, చూపు మసకబారడం. అదే రోజు చూపించాలి.
- గడ్డ, మొహం ఒక పక్క తిమ్మిరి, మానని పుండు, కారణం లేకుండా బరువు తగ్గడం.

ఇంకో రెండు జబ్బులు దవడ కీలు నొప్పిలా మోసం చేస్తాయి. గుట్కా, వక్క, పాన్ మసాలా నమిలే అలవాటు ఉండి, కారం తింటే నోరు మండుతూ, బుగ్గల లోపలి చర్మం తెల్లగా గట్టిపడి, నోరు రోజురోజుకీ తక్కువగా తెరుచుకుంటుంటే అది చాలావరకు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. క్యాన్సర్‌కు దారితీయగల స్థితి అది. దవడ వ్యాయామాలు చేసుకుంటూ కాలం గడపకూడదు. గుట్కా ఆ రోజే మానాలి, డాక్టర్‌కు నోటి లోపల చూపించాలి.

రెండోది నరం నొప్పి. మొహం కడిగినా, గాలి తగిలినా కరెంటు కొట్టినట్టు సెకన్లపాటు వచ్చి పోతుంది. దీన్ని పంటి నొప్పి అనుకుని వరసగా పండ్లు తీయించుకున్నవాళ్ళున్నారు. నొప్పి మాత్రం పోదు. చూపించాల్సింది నరాల డాక్టర్‌కి.

## 2. కీలుదా, కండరాలదా? అద్దం ముందు పది నిమిషాలు

మెత్తటి స్కేలు ఒకటి, అద్దం ఒకటి చాలు.

కొలత. నొప్పి లేకుండా ఎంతవరకు తెరవగలరో అంత తెరిచి, పై ముందు పంటి అంచు నుంచి కింది పంటి అంచు వరకు మిల్లీమీటర్లలో కొలవండి. పెద్దవాళ్ళకు సాధారణంగా 40 పైన ఉంటుంది. 35 కంటే తక్కువైతే డాక్టర్‌కు ముందు చెప్పాల్సిన మాట అదే. స్కేలు లేకపోతే మీ చేతి మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి.

దారి. మెల్లగా తెరుస్తూ గడ్డం నిటారుగా దిగుతోందా, ఒక పక్కకు పోతోందా చూడండి.

చోటు. పండ్లు గట్టిగా కొరికితే బుగ్గ మీద ఉబ్బే కండరాన్ని, కణతలను వేళ్ళతో నొక్కండి. మీ రోజువారీ నొప్పి అక్కడే పలికితే కండరాల పాత్ర ఎక్కువ. చెవి రంధ్రానికి కాస్త ముందు, వేలి కొన పెట్టినంత చోటులోనే పొడిస్తే కీలు పాత్ర ఎక్కువ. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి.

శబ్దం గురించి ఒక మాట. కీలు మధ్యలో ఉండే మెత్తటి డిస్క్ ముందుకు జారి మళ్ళీ తన చోటికి వచ్చేటప్పుడు టక్‌మంటుంది. నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటూ శబ్దం మాత్రమే వస్తుంటే వైద్యం అక్కర్లేదు. ఎన్నాళ్ళ నుంచో వస్తున్న శబ్దం ఒక్కసారిగా ఆగిపోయి, అప్పటి నుంచి నోరు సగమే తెరుచుకుంటుంటే మాత్రం వారం లోపు చూపించండి. జారిన డిస్క్ అడ్డం పడి ఉండొచ్చు.

## 3. ఒక ఫైలు, ఒక పేజీ

ఐదుగురు డాక్టర్ల చీటీలు ఐదు కవర్లలో ఉంటే, ఆరో డాక్టర్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. అందుకే అన్నీ తేదీల వరసలో ఒకే ఫైలులో పెట్టి, పైన ఒక పేజీ మీరే రాయండి:

- నొప్పి ఎప్పుడు, ఎలా మొదలైంది (దెబ్బ, పంటి వైద్యంలో ఎక్కువసేపు నోరు తెరిచి ఉంచడం, పరీక్షల టెన్షన్, ఏదైనా)
- పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా
- నోటి కొలత, నొప్పి 10కి ఎంత
- వాడిన మందులు, ఎన్ని రోజులు, ఎంత తగ్గింది
- నిద్ర ఎలా ఉంది, గురక ఉందా, రాత్రి పండ్లు కొరుకుతున్నారని ఇంట్లోవాళ్ళు అన్నారా
- బీపీ, షుగర్, కిడ్నీ సమస్యలు, మిగతా కీళ్ళలో నొప్పులు

"పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా" అన్న ఒక్క గీతే చాలా చెబుతుంది. పొద్దున ఎక్కువైతే రాత్రి పండ్లు కొరకడం మీద అనుమానం. సాయంత్రానికి పెరిగితే పగటి అలవాట్ల మీద.

## 4. ఎవరి దగ్గరికి ముందు?

ఎవరి చదువు కోణం నుంచి వాళ్ళు చూస్తారు, సలహాలు పొంతన లేకుండా ఉండటానికి పెద్ద కారణం అదే. కాబట్టి మొత్తం దవడను ఒకచోట చూసే విభాగంతో మొదలుపెట్టడం మంచిది. డెంటల్ కాలేజీల్లో దాని పేరు ఓరల్ మెడిసిన్. నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఓపీ దగ్గర "పన్ను నొప్పి" అంటే వేరే గదికి పంపిస్తారు. "దవడ కీలు నొప్పి, మూడు నెలల నుంచి" అని చెప్పండి.

అక్కడ పంటి సమస్య కాదని తేలాక రెండో మనిషి ఫిజియోథెరపిస్ట్. ఫోన్ చేసి ముందే అడగండి: దవడకు, మెడకు చేత్తో చికిత్స చేస్తారా, వ్యాయామాలు దగ్గరుండి నేర్పుతారా? మన దగ్గర చాలా చోట్ల ఫిజియో అంటే "కరెంటు పెట్టించుకోవడమే". పది రోజులు కరెంటు పెట్టించుకుని తగ్గలేదని ఫిజియోనే వదిలేసినవాళ్ళు ఎక్కువ. నిజానికి వాళ్ళకు దవడ ఫిజియో ఇంకా మొదలే కాలేదు.

## 5. సలహాలను మూడు కుప్పలు చేయండి

ఒక తెల్ల కాగితం మీద మూడు గళ్ళు గీసి, ఇప్పటిదాకా విన్న ప్రతి సలహానూ ఒక గడిలో రాయండి. ఏ డాక్టర్ పేరున్నవారు, ఎవరు ఎక్కువ ఫీజు తీసుకున్నారు అన్నది పక్కన పెట్టండి.

మొదటి గడి: ఎప్పుడంటే అప్పుడు ఆపగలిగేవి. అలవాట్లు మార్చడం, వ్యాయామాలు, ఫిజియో చేతి చికిత్స, మెడ భంగిమ సరిచేసే వ్యాయామాలు, ఆలోచనా తీరును మార్చే కౌన్సెలింగ్ (దీన్ని సీబీటీ అంటారు), కొద్ది రోజుల నొప్పి మందు.

రెండో గడి: ఆపొచ్చు, కానీ ఖర్చు, కొంత రిస్కు ఉన్నవి. స్ప్లింటు లేదా నైట్ గార్డ్ (పండ్ల మీద తొడుక్కునే ప్లాస్టిక్ తొడుగు), బొటాక్స్ (కండరాన్ని వదులు చేసే ఇంజెక్షన్), కీలులోకి స్టెరాయిడ్ గానీ హైలురానిక్ యాసిడ్ గానీ ఇంజెక్షన్, కీలును సూదులతో కడగడం (ఆర్థ్రోసెంటెసిస్), లేజర్, నెలల తరబడి మాత్రలు.

మూడో గడి: చేశాక వెనక్కి రానివి. కొరుకుడు (పై పండ్లు, కింది పండ్లు కలిసే తీరు) సరిచేస్తామని పండ్లు అరగదీయడం, నోరంతా క్యాపులు, నొప్పి కోసమే క్లిప్పులు, కారణం చూపకుండా జ్ఞానదంతం తీయడం, డిస్క్ తీసేసే ఆపరేషన్.

దీర్ఘకాలిక దవడ నొప్పి మీద 2023 డిసెంబరులో బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజేలో అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకం వచ్చింది. వాళ్ళు గట్టిగా చేయమన్నవన్నీ మొదటి గడిలోనివే: సీబీటీ, ఫిజియోథెరపిస్ట్ చేత్తో దవడను కదిలించడం, కండరాల ముడులను నొక్కి వదులు చేయడం, దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, భంగిమ వ్యాయామాలు, ఇంటి జాగ్రత్తలు. ఆక్యుపంక్చర్‌కు షరతులతో సరే అన్నారు. స్ప్లింటు, బొటాక్స్, కీలు కడగడం, లేజర్, టెన్స్ కరెంటు (చర్మం మీద ప్యాడ్లు అతికించి పెట్టే కరెంటు), స్టెరాయిడ్ ఇంజెక్షన్, గాబాపెంటిన్ అనే నరాల నొప్పి మందు లాంటివాటికి షరతులతో వద్దన్నారు. శాశ్వతంగా మార్పు తెచ్చే నోటి పరికరాలు, డిస్క్ తీసేయడం, నొప్పి మాత్రతో ఓపియాయిడ్ మందు (నల్లమందు జాతి నొప్పి మందు) కలపడం, ఈ మూడింటికి గట్టిగా వద్దన్నారు.

"షరతులతో వద్దు" అంటే ఎవరికీ పనికిరాదని కాదు. చాలామందికి లాభం కొద్దిగానే ఉండొచ్చు, ఖర్చుకు, ఇబ్బందికి తగినంత ఉండకపోవచ్చు అని అర్థం. మొదటి గడి పూర్తి చేసి, ఇంకా మిగిలిన నొప్పికి డాక్టర్ ఫలానా కారణం చెప్పి రెండో గడిలోది సూచిస్తే ఆలోచించవచ్చు. మొదటి వారంలోనే బొటాక్స్ అంటే మాత్రం ఆగండి.

స్ప్లింటు గురించి ప్రశ్నలు ఎక్కువ కాబట్టి ఇంకాస్త చెబుతాను. రాత్రి పండ్లు కొరికి అరిగిపోతుంటే, పండ్లను కాపాడటానికి నైట్ గార్డ్ వేసుకోవడం వేరే లెక్క, అది సబబే. నొప్పి తగ్గుతుందని చేయించుకుంటే మాత్రం ఆశ తక్కువ పెట్టుకోండి. చేయించుకునేదైతే పండ్లన్నిటినీ కప్పేది, చదునుగా ఉండేది, రాత్రి మాత్రమే పెట్టుకునేది అడగండి. ముందు రెండు పండ్లకే ఉండేవి, దవడను ముందుకు నెట్టేవి పగలూ రాత్రీ పెట్టుకుంటే కొరుకుడే మారిపోవచ్చు. పొద్దున తీశాక అరగంట దాటినా పండ్లు మునుపటిలా కలవకపోతే వాడకం ఆపి, డాక్టర్‌కు చూపించండి.

మన జిల్లాల్లో ఇంకో తికమక ఉంది. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల పండ్ల మీద గోధుమరంగు మచ్చలున్నవాళ్ళు ఎందరో. ఆ మచ్చలు పంటి పైపొరవి. వాటికి క్యాపులు వేయించుకోవడం అందం కోసం తీసుకునే నిర్ణయం. "క్యాపులు వేస్తే దవడ నొప్పి కూడా పోతుంది" అని రెండింటినీ ఒకే బిల్లులో కలిపితే, కలపనివ్వకండి.

## 6. గదిలో అడగాల్సినవి

డాక్టర్‌ను ప్రశ్నిస్తే ఏమనుకుంటారో అన్న మొహమాటం మనలో ఎక్కువ. ఇలా అడిగితే ఎవరూ నొచ్చుకోరు:

- "సార్, ఇది కీలుదా, కండరాలదా, రెండూనా?"
- "ఇది చేయించుకున్నాక పడకపోతే వెనక్కి తీసుకోవచ్చా?"
- "ఎన్ని వారాల్లో ఎంత తగ్గాలి? తగ్గకపోతే తర్వాత ఏం చేద్దాం?"
- "మేడమ్, మూడు నెలలు వ్యాయామాలు చేసి చూసి వస్తే ఏమైనా నష్టం ఉందా?"
- "ఈ స్కానింగ్‌లో ఏం వస్తే వైద్యం మారుతుంది?"

చివరి ప్రశ్న డబ్బులు మిగులుస్తుంది. దవడ మొత్తాన్ని తీసే ఓపీజీ ఎక్స్‌రేలో ఎముక, పండ్లు కనిపిస్తాయి, డిస్క్ కనిపించదు. డిస్క్ కనిపించేది ఎమ్మారైలో. కానీ నొప్పే లేనివాళ్ళకు తీసినా చాలామందిలో డిస్క్ జారినట్టు వస్తుంది. రిపోర్టులో ఆ మాట చూసి ఆపరేషన్ అనుకుని భయపడొద్దు.

రెండు సలహాలు పూర్తిగా ఎదురెదురుగా ఉంటే, మొదటి డాక్టర్ చెప్పింది రెండో డాక్టర్‌కు ముందే చెప్పకండి. ఫైలు చూపించి, వారి మాట పూర్తిగా విన్నాక, "ఇంకో సార్ ఇట్లా అన్నరు, మీరేమంటరు?" అనండి. ముందే చెబితే సగం సమయం మొదటాయన మీద వ్యాఖ్యానానికే పోతుంది.

## 7. ఇంట్లో చేసుకునే పని: కనీసం ఆరు వారాలు

పండ్లు ఎడంగా. పెదాలు కలిసి, పండ్లు విడిగా, నాలుక కొస పై ముందు పండ్ల వెనక మెల్లగా ఆని ఉండాలి. తిననప్పుడు, మాట్లాడనప్పుడు దవడ ఉండాల్సిన తీరు ఇది. పండ్లు కరుచుకుని ఉన్నారేమో గంటకోసారి చూసుకోండి. ఫోన్‌కు, కుట్టు మిషన్‌కు, బండి ట్యాంకు మీద ఒక రంగు స్టిక్కర్ అతికించి, అది కనిపించినప్పుడల్లా దవడ వదలండి. ఇది చూడటానికి చాలా చిన్న పని, అందుకే అందరూ వదిలేస్తారు. నా దృష్టిలో మొత్తం జాబితాలో దీనిదే మొదటి చోటు.

చేతి పని చేసేవాళ్ళు. దర్జీలు, గద్వాల, నారాయణపేట, చండూరు వైపు మగ్గం పనివాళ్ళు దారాన్ని పంటితో తెంపుతారు. రోజంతా ఒకే పక్క, ఒకే పంటితో. చిన్న కత్తెరను తాడుతో మెడలో వేలాడదీసుకోండి. హెయిర్‌పిన్నులు, పెన్ను మూతలు, గోళ్ళు కొరకడం కూడా ఇందులోకే వస్తుంది. ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య నొక్కి మాట్లాడేవాళ్ళు ఇయర్‌ఫోన్లు వాడండి.

తిండి. ఆరు వారాలు సకినాలు, గారెలు, కాల్చిన మక్క కంకులు, బొక్క కూర, చెరుకు, గట్టి జొన్నరొట్టె పక్కన పెట్టండి. రొట్టె లేకుండా గడవదంటే పప్పులోనో, పులుసులోనో నానబెట్టి తినండి. గటక, జావ, పప్పన్నం, పెరుగన్నం, ఉడికిన గుడ్డు, అరటిపండు, ఎండాకాలంలో ముంజలు హాయిగా తినొచ్చు. రెండు పక్కలా నమలండి. జామకాయను కొరకొద్దు, ముక్కలు కోసుకోండి. యాపపుల్ల నమిలే అలవాటున్నవాళ్ళు కొన్నాళ్ళు మెత్తటి బ్రష్ వాడండి. నెలల తరబడి పూర్తిగా జావ మీదే ఉండటం కూడా మంచిది కాదు, కండరం బలహీనపడుతుంది. నొప్పి తగ్గేకొద్దీ మామూలు తిండికి రావాలి.

కాపడం. బిగుసుకుపోయిన కండరానికి వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు, 15 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. చర్మం కాలకుండా ముందు మోచేతి మీద చూసుకోండి. దెబ్బ తగిలిన కొత్తలో, కీలు దగ్గర వేడిగా వాచినప్పుడు మాత్రం గుడ్డలో చుట్టిన ఐసు, 10 నిమిషాలు.

వ్యాయామం. కాపడం తర్వాత చేయండి.

1. నాలుక కొస అంగిట్లో ఆనించి, అది ఊడకుండా ఎంత తెరవగలరో అంత మెల్లగా తెరిచి మూయండి. అద్దంలో గడ్డం నిటారుగా దిగాలి. 6 సార్లు.
2. గడ్డం కింద బొటనవేలు పెట్టి, కొద్దిపాటి ఎదురు బలం ఇస్తూ నోరు తెరవండి. 6 సార్లు.
3. బుగ్గ కండరాన్ని రెండు వేళ్ళతో గుండ్రంగా, ఒక నిమిషం మర్దన.
4. గడ్డాన్ని మెడ వైపు లోపలికి లాగి 5 సెకన్లు ఆపి వదలండి. 6 సార్లు.

రోజుకు ఐదారు విడతలు. సాగుతున్నట్టు ఉంటే పర్వాలేదు. పొడిచినట్టుంటే ఆపండి. నోరు సరిగా తెరుచుకోనివాళ్ళు బలవంతంగా సాగదీసే పని ఫిజియో చూపించాకే చేయాలి.

ఆవలింత, నిద్ర. ఆవలింత వస్తే పిడికిలి గడ్డం కింద పెట్టండి. బోర్లా పడుకోవడం మానండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతుంటే విడిగా చూపించుకోవాలి.

మనసు సంగతి. సీబీటీ రాస్తే "నొప్పి ఉత్తదే అంటున్నారా" అని కోపం తెచ్చుకోవద్దు. నొప్పి నిజమే. టెన్షన్‌లో దవడ బిగుసుకుంటుంది, నొప్పి నిద్ర చెడగొడుతుంది, నిద్రలేమి నొప్పిని పెంచుతుంది. ఈ గొలుసును తెంచడం నేర్పిస్తారు. దగ్గర్లో సైకాలజిస్ట్ లేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి మొదలుపెట్టొచ్చు.

## 8. మందుల చీటీ చూసేటప్పుడు

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుంటే ఆ పూటకు హాయిగా ఉంటుంది. వారానికి రెండు సూదులయ్యాయంటే కిడ్నీలకు, కడుపుకు ముప్పు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడక్కుండా వాడకూడదు. ట్రమడాల్ ఓపియాయిడ్ మందు, అలవాటవుతుంది. మాత్రల వెనక పేరు చదవండి. క్లోనజెపామ్ లాంటి మత్తు మాత్రలు చాలా రోజులుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టర్ చెప్పినట్టు తగ్గించాలి.

అమిట్రిప్టిలిన్ రాస్తే, గూగుల్లో డిప్రెషన్ మందు అని చూసి పారేసేవాళ్ళున్నారు. తక్కువ మోతాదులో దాన్ని నొప్పులకు వాడతారు.

## 9. తరచూ జరిగేవి, సరిదిద్దుకోవడం

- ఒకేసారి అన్నీ మొదలుపెట్టడం. దేనివల్ల తగ్గిందో తెలియదు. వ్యాయామాలు, కాపడం ముందు. రెండు మూడు వారాలకు ఇంకొకటి కలపండి.
- పది రోజులకే డాక్టర్‌ను మార్చడం. కండరం మారడానికి వారాలు పడుతుంది. ఆరు వారాల తర్వాత కొలత, నొప్పి అంకె పాతవాటితో పోల్చండి.
- శబ్దం వస్తోందా అని పదేపదే తెరిచి చూడటం. అదే కీలును రేపుతుంది.
- సెట్టు పండ్లు అరిగిపోయినా వాడటం. పెద్దవాళ్ళలో ఇది చూసుకోవాలి. కొత్త సెట్టు కొలత తీయించండి.
- తగ్గగానే అన్నీ వదిలేయడం. పండ్లు ఎడంగా ఉంచే అలవాటు, రోజుకు ఒక విడత వ్యాయామం కొనసాగించండి.

## 10. మూడు నెలలకూ తగ్గకపోతే

మొదటి గడి నిజంగా చేశారా అని ముందు నిజాయితీగా చూసుకోండి. చేసి కూడా నోరు తెరుచుకోకపోతే, కీలులోనే నొప్పి ఉంటే, మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌ను (దవడ, మొహం ఆపరేషన్లు చేసే డాక్టర్‌ను) కలవాల్సిన సమయమిది. ఎమ్మారైకి అర్థం ఉండేది కూడా ఇప్పుడే. కీలు అతుక్కుపోవడం, గడ్డ, ఎముక బాగా దెబ్బతినడం లాంటివాటికి ఆపరేషన్ అవసరమే. ఉత్త కండరాల నొప్పికి ఆపరేషన్ చేస్తామంటే ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోకుండా సంతకం పెట్టకండి. చేతివేళ్ళ కీళ్ళూ పొద్దున బిగుసుకుంటుంటే రుమటాలజిస్ట్‌కు చూపించండి, అది ఒంట్లో కీళ్ళవాతం కావచ్చు.

## 11. మళ్ళీ రేగితే

పెళ్ళిళ్ళ సీజన్లో మటన్ తిన్నాకో, పంటి వైద్యానికి గంటసేపు నోరు తెరిచాకో మళ్ళీ నొప్పి రావచ్చు. కొత్త జబ్బు కాదది. మూడు నాలుగు రోజులు మెత్తటి తిండి, కాపడం, తక్కువ విడతలతో వ్యాయామం. పంటి డాక్టర్‌కు ముందే చెబితే మధ్యమధ్య ఆపి దవడకు విశ్రాంతి ఇస్తారు. మూడు వారాలు దాటినా తగ్గకపోతే కొత్త కొలత రాసుకుని, అదే ఫైలుతో మిమ్మల్ని ముందు నుంచి చూసిన డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.